చిత్తడి నేలల్లో నికాన్ కూల్‌పిక్స్ పీ950: పిట్టకీ మబ్బుకీ ఒకే కెమెరా

పీ950 గురించి ఎవరు మాట్లాడినా 2000 మి.మీ. జూమ్ దగ్గరే ఆగిపోతారు. బర్డింగ్‌కి వెళ్లేవాళ్లు తీసేది పక్షుల్నే కాదు కదా. నీళ్లు, రెల్లు, కమ్ముకొచ్చే మబ్బు, బైనాక్యులర్లు కళ్లకి ఆనించుకున్న తోటివాళ్లు కూడా ఫొటోల్లోకి వస్తారు. అలాంటివాళ్లకి ఇందులో అసలు సుఖం 24 నుంచి 2000 మి.మీ. దాకా అంతా 1005 గ్రాముల్లో ఇమిడిపోవడం. బురదలో నిలబడి లెన్స్ మార్చే పని ఉండదు.

సెన్సర్ మాత్రం చిన్నది: 1/2.3 అంగుళం, 16 మెగాపిక్సెల్. చిక్కులు చాలావరకు అక్కడే మొదలవుతాయి. పూర్తి జూమ్‌లో అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం) ఎఫ్/6.5 కన్నా ఎక్కువ తెరుచుకోదు కాబట్టి వెలుతురు తగ్గగానే ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుకి స్పందించే స్థాయి) పెంచాలి, 800 దాటాక ఈకల్లోని సన్నగీతలు కలిసిపోతాయి. వీఆర్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) ఎంత బాగా పనిచేసినా పిట్ట తల తిప్పడాన్ని అది ఆపలేదు. అందుకే కదలకుండా కూర్చున్న కొంగకి కూడా షట్టర్ వేగం 1/500 సెకను పెట్టుకోవడం మేలు. తెల్లకొంగయితే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని −0.7 నుంచి −1 దాకా తగ్గించి, రా ఫార్మాట్‌లో (సెన్సర్ పట్టిన డేటా మొత్తం ఉండే ఫైల్) తియ్యండి. ఒకసారి తెల్లగా కాలిపోయిన ఈకలు ఎడిటింగ్‌లో తిరిగి రావు.

చిత్తడి దగ్గర ఫొటోలు పాడవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం కెమెరా కాదు, గాలి. ఎండెక్కాక గట్టు నేలా నీళ్లూ వేర్వేరుగా వేడెక్కి, వాటి మీది గాలి మెలికలు తిరుగుతుంది. దూరంగా ఉన్న బాతు మైనంలా కరిగినట్టు వస్తుంది. ఏ సెట్టింగూ దీన్ని సరిచెయ్యలేదు. లెన్స్ బాగాలేదనుకునే ముందు అదే బాతుని 1000 మి.మీ.లోనూ 2000 మి.మీ.లోనూ తీసి పోల్చండి. రెంటిలోనూ అంతే వివరం కనిపిస్తే తప్పు గాలిది కావచ్చు. పొద్దు పొడిచిన గంట, రెండు గంటల్లో పక్షులు ముగించుకుని, ఆ తర్వాత దగ్గరికొచ్చిన వాటితో సరిపెట్టుకోవాలి.

రెల్లు మధ్య ఉన్న పిట్టకి ఫోకస్ ముందున్న ఆకునే పట్టుకుంటుంది. ఫోకస్ ఏరియాని స్పాట్‌కి మార్చండి, అప్పటికీ కుదరకపోతే మాన్యువల్ ఫోకస్‌లో పక్కనున్న డయల్ తిప్పుకోవచ్చు. పూర్తి జూమ్‌లో పిట్ట ఫ్రేమ్ దాటిపోతే స్నాప్‌బ్యాక్ జూమ్ బటన్ నొక్కి పట్టుకోండి. దృశ్యం వెడల్పవుతుంది, పిట్ట దొరికాక వదిలితే మళ్లీ పాత జూమ్‌కే వస్తుంది. రోజంతా ఎక్కువగా వాడేది ఈ బటనే. ఎగిరే పక్షుల కోసమే కొనాలనుకుంటే మాత్రం వద్దు. సెకనుకు 7 ఫ్రేములు తీసినా పది ఫ్రేములతో ఆగిపోతుంది, ఫోకస్ కూడా వెనకబడుతుంది.

దృశ్యాలకి ఐఎస్ఓ 100, ఎఫ్/4 చాలు. ఇంత చిన్న సెన్సర్ మీద ఎఫ్/8కి బిగిస్తే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలోంచి వచ్చే వెలుతురు చెదరడం) వల్ల పదును పోతుంది. 67 మి.మీ. పోలరైజర్ (మెరుపుని తగ్గించే ఫిల్టర్) నేరుగా బిగుస్తుంది, నీటి మెరుపుని బాగా కోస్తుంది. పక్షుల వైపు తిరిగేటప్పుడు తీసెయ్యండి, ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల (ఒక స్టాపంటే వెలుతురు సగం) వెలుతురు తినేస్తుంది. వాన మబ్బుల్ని 24లో కన్నా 100, 200 మి.మీ. మధ్య తీస్తే ఎక్కువ బరువుగా కనిపిస్తాయి.

మనుషుల్ని దగ్గర నుంచి తీస్తే వెనక రెల్లంతా స్పష్టంగా వచ్చి ముఖాన్ని మింగేస్తుంది. కాస్త దూరం జరిగి 300 మి.మీ. పైన తీస్తే నేపథ్యం మెత్తబడుతుంది, వాళ్ల పని చెడదు కూడా.

వానకి తట్టుకునే సీలింగ్ లేదు. బయటికి సాగే గొట్టం మీద తడి ఉంటే తుడిచాకే లోపలికి పోనివ్వాలి. ఏసీ కారులోంచి తేమలోకి దిగేటప్పుడు కాసేపు బ్యాగులోనే ఉంచండి, లేకపోతే అద్దం మీద ఆవిరి పడుతుంది. బ్యాటరీకి కంపెనీ చెప్పే లెక్క 290 ఫొటోలు, జూమ్ ఎక్కువగా ఆడిస్తే అంత కూడా రాదు. ఇంకో బ్యాటరీ జేబులో ఉండాల్సిందే.