స్వయం కోర్సా, ఓపెన్ యూనివర్సిటీ సర్టిఫికెట్టా?

నల్లగొండలోనో పాలమూరులోనో పని చేసుకుంటూ, ఆసక్తి కొద్దీ ఏదైనా చదవాలనుకునేవాళ్లకు దగ్గరలో ఉన్న దారులు ఈ రెండు.

ఖర్చు: స్వయం అంటే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక. అందులో పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. స్వయంలోనే ఐఐటీల వంటి సంస్థలు చెప్పే ఎన్‌పీటెల్ కోర్సుకు 1000 రూపాయలు. అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో చేరేటప్పుడే ఫీజు కట్టాలి.

సమయం: ఎన్‌పీటెల్‌లో 4, 8 లేదా 12 వారాలు. ఓపెన్‌లో మామూలుగా ఆరు నెలలు.

శ్రమ: ఎన్‌పీటెల్‌లో వారం వారం అసైన్‌మెంట్ ఉంటుంది. వాటికి 25 మార్కులు, పరీక్షకు 75. వరి నాట్లప్పుడు ఒకటి రెండు వారాలు తప్పినా టెన్షన్ పడొద్దు. 12 వారాల కోర్సులో మంచి మార్కులొచ్చిన 8 అసైన్‌మెంట్లే లెక్కలోకొస్తాయి. అసలు చిక్కల్లా భాషే. పాఠాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లో ఉంటాయి. వీడియో కింద అక్షరాలు పెట్టుకుని, ఆపి ఆపి, నోట్సు రాసుకుంటూ వినాల్సిందే. 20 నిమిషాల పాఠానికి గంట పట్టినా ఆ గంట వృథా కాదు. ఓపెన్‌లోనైతే తెలుగు పుస్తకాలున్న కోర్సు ఎంచుకోవచ్చు. ఇది నాకు చాలా పెద్ద విషయం.

రిస్క్: స్వయంలో నచ్చకపోతే మానేయొచ్చు, రూపాయి పోదు. అందుకే సగంలో వదిలేసేవాళ్లూ ఎక్కువే. ఫీజు కట్టినచోట పట్టుదల కాస్త నిలబడుతుంది.

మట్టి సంగతి తెలుసుకోవాలనుకునే రైతు, ఇంగ్లిష్ అర్థమైతే, ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ల సాయిల్ సైన్స్ పాఠాలు ఫీజు కట్టకుండానే వినొచ్చు. తెలుగులో చదివి చేతిలో యూనివర్సిటీ కాగితం ఉండాలనుకునేవాళ్లు నల్లగొండ ఎన్జీ కాలేజీలోనో, మహబూబ్‌నగర్ ఎంవీఎస్ కాలేజీలోనో ఉన్న స్టడీ సెంటర్‌కు వెళ్లి, అడ్మిషన్లు ఎప్పుడో ముందుగా కనుక్కోండి.