ఏలూరు రోడ్ డీటీపీ షాపు: ప్రింటింగ్ ఓకే, ప్రూఫ్ చూసే మాస్టారు కోసమైనా వెళ్ళండి

విజయవాడలో ప్రింటింగ్ షాపులకి కరువేం లేదు, ఏలూరు రోడ్డు, గవర్నర్‌పేట సందుల్లో అడుగడుక్కీ ఒకటి ఉంటుంది, రేట్లు కూడా అటూఇటూగా అందరివీ ఒకటే. అందుకే ఈ షాపుకి నాలుగు స్టార్లు ఎందుకిస్తున్నానో కాస్త వివరంగా రాస్తున్నా, పెద్దదైపోతే ఏమనుకోకండి.

పని ఏంటంటే మా వదిన ప్లేస్కూల్‌కి అడ్మిషన్ల పాంప్లెట్, ఏ5 సైజు, రెండు వైపులా మల్టీకలర్, 130 జీఎస్ఎం ఆర్ట్ పేపర్. మ్యాటర్ ఆవిడ పార్ట్‌నర్ వాట్సాప్‌లో పంపారు, మొత్తం ఇంగ్లీషే, తెలుగులో వేస్తే చేరేవాళ్ళు కూడా చేరరని వాళ్ళ భయం (అది వేరే గొడవ, ఇప్పుడొద్దు). మామూలుగా అయితే ఆ మ్యాటర్ కాపీ చేసి కోరల్‌డ్రాలో పడేసి, ఒక టెడ్డీబేర్, నాలుగు బెలూన్లు అంటించి, "ఓకేనా అండీ" అని ఒక మాట అడిగేసి ప్రింటింగ్ ప్లేట్ తయారీకి పంపేస్తారు. ఇక్కడ సాయంత్రం పూట ఒక మాస్టారు కూర్చుంటారు, రిటైర్డ్ ఇంగ్లీష్ టీచర్, ఆయన ప్రూఫ్ చూశాకే ప్లేట్. పేజీకి 50 రూపాయలు ఎక్స్‌ట్రా, వద్దనుకుంటే మానేయొచ్చు, బలవంతం ఏం లేదు.

స్పెల్లింగులు చూస్తారేమోలే అనుకున్నాం. ఆయన "ఫ్రీ ప్లే ఏరియా" అన్న చోట పెన్ను ఆపి వదిన వైపు చూసి, "అమ్మా, ఇక్కడ ఆడుకోడానికి డబ్బులు తీసుకోరనా, లేక పిల్లల్ని వాళ్ళ ఇష్టానికి ఆడుకోనిస్తారనా?" అని అడిగారు. రెండోదే మాస్టారూ అంది వదిన. "అయితే ఫ్రీకీ ప్లేకీ మధ్య గీత, అదే హైఫన్, పడాలి, ఫ్రీ-ప్లే ఏరియా. గీత లేకపోతే ఊరికే ఇచ్చే ప్లే ఏరియా అనుకుంటారు, రేపు ఫీజు కట్టే రోజు ఎవరో ఒకరు ఈ కాగితం పట్టుకుని మీ దగ్గరికే వస్తారు" అన్నారు. వదిన ఫోన్‌లో ఉన్న గ్రామర్ యాప్‌లో అదే ముక్క పెట్టి చూస్తే దానికి ఏ తప్పూ కనపడలేదు, ఎలా కనపడుతుంది, రెండూ ఇంగ్లీషే కదా, మన స్కూల్లో డబ్బులు తీసుకుంటారో లేదో యాప్‌కేం తెలుసు.

ఆ తర్వాత "అవర్ ఫైవ్ ఇయర్ ఓల్డ్ ప్రోగ్రాం" దగ్గర ఇంకో పంచాయితీ. గీతలు పెట్టి ఫైవ్-ఇయర్-ఓల్డ్ ప్రోగ్రాం అని రాస్తే ఆ ప్రోగ్రాం మొదలై ఐదేళ్ళయిందని అర్థం వస్తుంది, వాళ్ళు చెప్పాలనుకున్నది ఐదేళ్ళ పిల్లల కోసం పెట్టిన ప్రోగ్రాం అని. ఇలాంటి చోట ఎన్ని గీతలు పెట్టినా లాభం లేదని ఆయన వాక్యాన్నే మార్చేసి, ప్రోగ్రాం ఫర్ ఫైవ్-ఇయర్-ఓల్డ్స్ అని రాశారు. నాకు బాగా నచ్చింది ఇదే, తెలిసిన రూల్ ఉంది కదా అని అన్నిచోట్లా రుద్దలేదు. పైన హెడ్డింగ్‌లో ఉన్న "టూ టు ఫైవ్ ఇయర్ ఓల్డ్స్" మాత్రం టూ- టు ఫైవ్-ఇయర్-ఓల్డ్స్ అయింది. టూ పక్కన గీత ఒంటరిగా వేలాడుతుంటే డీటీపీ అబ్బాయి కూడా "ఇది మిస్టేక్ కాదా మాస్టారూ" అన్నాడు, కాదంట, ఇయర్-ఓల్డ్స్ రెండింటికీ కలిపి ఒకసారే వస్తోంది కాబట్టి మొదటి దాని గీత అలా ఉండాల్సిందేనంట. టూ అండ్ త్రీ బెడ్‌రూం ఫ్లాట్స్ అని ఊరంతా ఫ్లెక్సీలు కడుతున్నారు చూడండి, అక్కడ కూడా టూ పక్కన ఒకటి, త్రీకీ బెడ్‌రూంకీ మధ్య ఒకటి పడాలి, అది తెలిశాక బెంజ్ సర్కిల్ వైపు వెళ్తే నా కళ్ళు వాటి మీదకే పోతున్నాయి.

రూల్ అడిగితే ఆయన చెప్పిన పద్ధతి మాత్రం సూపర్. రెండు మాటలు కలిసి ఒక నౌన్ ముందుకొస్తున్నాయంటే వాటికి కొంగుముడి ఉండాలి, నౌన్ దాటి వెనక్కి వెళ్ళాక ఆ ముడి విప్పేయొచ్చు. వెల్-ట్రైన్డ్ టీచర్స్ అంటే గీత ఉంటుంది, అవర్ టీచర్స్ ఆర్ వెల్ ట్రైన్డ్ అంటే ఉండదు. ఎ టూ-ఇయర్-ఓల్డ్ చైల్డ్, కానీ ద చైల్డ్ ఈజ్ టూ ఇయర్స్ ఓల్డ్, ముడి పడితే ఇయర్ పక్కన ఎస్ కూడా పోతుంది. ఫుల్లీ, హైలీ లాంటి లీ తోక ఉన్న యాడ్‌వెర్బులు వస్తే అసలు ముడే అక్కర్లేదు, అందుకే "ఫుల్లీ ఎయిర్-కండిషన్డ్" లో గీత ఎయిర్ పక్కనే, ఫుల్లీ పక్కన కాదు. ఎయిర్-కండిషన్డ్, చైల్డ్-ఫ్రెండ్లీ లాంటివి మాత్రం వెనక్కి వెళ్ళినా ముడి విప్పవు, వాటికి డిక్షనరీ చూసుకోవడమే అన్నారు.

నేను ఊరుకోలేక "ఈరోజుల్లో హైఫన్లు ఎవరు పెడుతున్నారండీ, ఈమెయిల్‌కి కూడా తీసేశారు కదా" అన్నా. అవును తీసేశారు, షార్టర్ ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ 2007 ఎడిషన్‌లో దాదాపు 16,000 మాటలకి తీసేశారు, ఐస్ క్రీం కూడా అలాగే విడిపోయింది, కానీ వాటిలో ఎక్కువ నౌన్లు, నౌన్ ముందు నిలబడే జతల సంగతి వేరు అని చెప్పి జేబులోంచి పర్సు తీశారు. టూ హండ్రెడ్-రుపీ నోట్స్ అంటే రెండు వందనోట్లు, టూ-హండ్రెడ్-రుపీ నోట్స్ అంటే 2017లో వచ్చిన ఆ పసుపు నోట్లు, ఎన్నైనా కావచ్చు. కౌంటర్ మీద నోట్లు పరిచి మరీ చూపించారు, వెనకాల విజిటింగ్ కార్డుల కోసం వచ్చినాయన కూడా వినడం మొదలెట్టాడు.

డీటీపీ అబ్బాయి గురించి కూడా చెప్పాలి. లైన్ చివర టూ-ఇయర్- అని ఆగిపోయి ఓల్డ్ కింద లైన్లోకి జారిపోతే, మనం చెప్పకుండానే ఫాంట్ కొంచెం తగ్గించి మొత్తం ఒకే లైన్లోకి తెచ్చాడు. మీరు వర్డ్‌లో టైప్ చేసుకుని తీసుకెళ్ళేవాళ్ళయితే కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని హైఫన్ కొట్టండి, ఆ మాట లైన్ చివర విరగదు, అది కూడా ఆ అబ్బాయే చెప్పాడు.

ఇక నచ్చనివి. డెలివరీ చెప్పిన రోజుకి రాలేదు, రెండు సార్లు ఫోన్ చేస్తే "బైండింగ్‌లో ఉందండీ" అన్నారు, ఒక్క ఏ5 కాగితానికి బైండింగ్ ఏంటో మరి. స్క్రీన్ మీద మెరిసిపోయిన పింక్ ప్రింట్‌లో చచ్చిపోయింది, ఆఫ్‌సెట్‌లో ఆ రంగు అలా రాదని ముందే చెప్పి ఉంటే వేరేది పెట్టుకునేవాళ్ళం. తెలుగు మ్యాటర్ అయితే ఇంకో తలనొప్పి, వాళ్ళు వాడేది అనూ ఫాంట్లు, ఫోన్లో టైప్ చేసిన తెలుగు అందులో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి, మళ్ళీ మొదట్నుంచి టైప్ చేయాలి, దానికి వేరే చార్జ్. మాస్టారు తెలుగు ప్రూఫ్ చూడరు. వరల్డ్-క్లాస్ అన్న ముక్క గీతతో కరెక్టుగానే ఉంది కానీ "ఇది కొట్టేయమ్మా, పక్క వీధి స్కూలు కూడా ఇదే వేసింది" అన్నారు, వదిన ఒప్పుకోలేదు, నా ఓటు మాత్రం మాస్టారికే.

ప్రతి పనికీ ఈ 50 రూపాయలు పెట్టాలా అంటే అక్కర్లేదు. పెళ్ళికార్డుకి, బిల్లు పుస్తకానికి దండగ. ఒక చోట గీత ఉందా లేదా అని పట్టించుకునే తల్లిదండ్రులు వందకి ఒకరు కూడా ఉండరేమో, మా పాంప్లెట్‌లో పెట్టిన గీతల్లో సగం లేకపోయినా కొంపలేం మునగవు. కానీ ఫీజులు, వయసులు, ఫ్లాట్ సైజులు, జీతాలు, ఉద్యోగ ప్రకటనలు ఇలాంటివి ఇంగ్లీష్‌లో వేయిస్తుంటే మాత్రం చూపించుకోండి, అక్కడ ఒక్కోసారి అర్థమే మారిపోతుంది. "వుయ్ నీడ్ మోర్ ఎక్స్‌పీరియన్స్‌డ్ టీచర్స్" అని ప్రకటన వేస్తే ఇంకొంతమంది అనుభవం ఉన్నవాళ్ళు కావాలనా, ఇప్పుడున్న వాళ్ళకంటే ఎక్కువ అనుభవం ఉన్నవాళ్ళు కావాలనా? రెండోదైతే మోర్-ఎక్స్‌పీరియన్స్‌డ్ అని గీత పెట్టాలి. ఇప్పుడున్న టీచర్లు అది చదివితే ఎలా ఉంటుందో మీరే ఆలోచించుకోండి.

మాస్టారు సాయంత్రం ఐదు దాటాకే వస్తారు, ఆదివారం రారు. మ్యాటర్ ఫోటో తీసి పంపకండి, వర్డ్ ఫైల్ పంపండి. ఫోన్‌పే తీసుకుంటారు, ప్రూఫ్ డబ్బులు మాత్రం మాస్టారికి విడిగా క్యాష్ ఇవ్వాలి. కారు తీసుకెళ్ళొద్దు, షాపు ముందు స్కూటీకే చోటు దొరకదు.