పల్పర్ మోటార్‌కు ఒకటి, బోరు మోటార్‌కు ఒకటి: కరెంట్ సెన్సార్, వైబ్రేషన్ సెన్సార్‌లలో ఏది మేలు?

జూన్ వచ్చిందంటే చిత్తూరు చుట్టుపక్కల పల్ప్ ఫ్యాక్టరీల గేట్ల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరుతాయి. వంతు రాక రైతులు ట్రాక్టర్ కిందే టార్పాలిన్ పరుచుకుని పడుకుంటారు. అలాంటి రాత్రి లోపల కాయను గుజ్జు చేసే ఒక్క పల్పర్ మోటార్ ఆగిపోతే పోయేది మోటార్ ఖరీదు మాత్రమే కాదు. బయట కాయ మెత్తబడుతుంది, లైన్లో అప్పటికే పిండిన గుజ్జు పాడవుతుంది, గేటు బయట గొడవ మొదలవుతుంది. అందుకే ఏప్రిల్ వచ్చేసరికి నన్ను ఎవరో ఒకరు అడుగుతారు: "మోటార్ పోయే ముందే తెలియాలంటే ఏ సెన్సార్ పెట్టుకోవాలి? కరెంట్ చూసేదా, వైబ్రేషన్ చూసేదా?"

నేను తిరుపతిలో మోటార్ల కంట్రోల్, మానిటరింగ్ మీద రీసెర్చ్ చేస్తున్నాను. మా నాయన ఐరాల వైపు బోరు కింద వ్యవసాయం చేస్తాడు. కాబట్టి ఫ్యాక్టరీ మోటార్, బోరు మోటార్ రెండూ నాకు ఇంటివే. ఈ ప్రశ్నకు నేను మొదట్లో ఇచ్చిన జవాబు వేరు, ఇప్పుడిచ్చేది వేరు. జవాబు ఎందుకు మారిందో చెప్తే ఏది ఎక్కడ మేలో కూడా తెలుస్తుంది.

మొదట్లో నేను పూర్తిగా కరెంట్ పక్షం. కారణం ఉంది. మోటార్‌ను ముట్టుకోకుండానే దాని సంగతి చెప్పగలగడం అప్పుడు నాకు గొప్పగా అనిపించేది. ప్యానెల్ రూమ్‌లో కేబుల్ చుట్టూ క్లిప్‌లా బిగించే సీటీ (కరెంట్‌ను కొలిచే చిన్న ట్రాన్స్‌ఫార్మర్) కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. లైన్ ఆపక్కర్లేదు, డ్రిల్ వేయక్కర్లేదు.

అది చెప్పే విషయాలూ తక్కువేమీ కాదు. 50 హెర్ట్జ్ సప్లై మీద నాలుగు పోల్స్ మోటార్‌లో అయస్కాంత క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. నేమ్‌ప్లేట్ మీద మాత్రం 1440 అని ఉంటుంది. ఆ 60 చుట్ల వెనకబాటే స్లిప్, అంటే 4 శాతం. రోటార్‌లో, అంటే తిరిగే భాగంలో, ఒక లోహపు బార్ విరిగితే కరెంట్ స్పెక్ట్రమ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే గ్రాఫ్‌లో) 50కి అటూ ఇటూ, స్లిప్‌కు రెండింతల దూరంలో (50లో 8 శాతం), అంటే 46 దగ్గరా 54 దగ్గరా రెండు చిన్న శిఖరాలు లేస్తాయి. రోటార్‌ను విప్పకుండా, గోడ అవతల ఉన్న ప్యానెల్ దగ్గర నిలబడి ఈ మాట చెప్పొచ్చు. లోడ్ సగానికి తగ్గితే స్లిప్ కూడా సుమారు సగమవుతుంది, శిఖరాలు 48, 52 దగ్గరకు జరుగుతాయి. లోడ్ బాగా తగ్గితే 50 పక్కకే వచ్చి దాని నీడలో కలిసిపోతాయి. అందుకే ఈ పరీక్ష నిండు లోడ్ మీదే చేయాలి, రికార్డింగ్ కనీసం పది సెకన్లు ఉండాలి. పది సెకన్లు తీస్తేనే 0.1 హెర్ట్జ్ తేడా విడివిడిగా కనిపిస్తుంది.

ఇంత నమ్మకంతోనే రెండు సీజన్ల కిందట ఒక పల్ప్ ఫ్యాక్టరీలో పల్పర్ మోటార్లకు సీటీలు పెట్టి, వాటి కరెంట్ చూసి మోటార్ బాగుంటే పచ్చ లైటు చూపే ఒక పెట్టె తయారు చేసి బిగించాను. మూడు వారాలు పచ్చ లైటే. నాలుగో వారంలో ఒక రాత్రి రెండు గంటలకు ఒక మోటార్ బేరింగ్ పట్టేసింది. బాల్స్‌ను పట్టి ఉంచే కేజ్ విరిగి, రోటార్ దాని చుట్టూ కదలకుండా ఉండే స్టేటర్‌కు ఒరుసుకుని, వైండింగ్ కాలిపోయింది. తెల్లారి నేను వెళ్లేసరికి మోటార్ విప్పి నేల మీద పరిచి ఉంది. అక్కడ మెయింటెనెన్స్ చూసే అన్న నాతో అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది: "వారం నుంచే గరగర అంటా ఉండాది నాయనా. నీ పెట్టె బాగుందంటా ఉంటే నేనూ ఊరుకున్యా."

ఆయనకు ఆ గరగర ఎలా తెలిసిందంటే, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ హౌసింగ్ మీద ఆనించి, పిడి చెవికి ఆనించుకుని. ప్రతి షిఫ్ట్‌లో ఒకసారి అలా అన్ని మోటార్లూ వింటాడు. నా పెట్టె ఆయన చేత ఆ అలవాటు మాన్పించింది. నాకు బాధ కలిగించింది అదే.

తర్వాత డేటా అంతా ముందేసుకుని వెతికాను. బయటి రేస్ (బాల్స్ దొర్లే బయటి వలయం) మీద దెబ్బ తగిలిన బేరింగ్ జాడ కరెంట్‌లో ఎక్కడ ఉండాలో లెక్క ఉంది. ఆ మోటార్‌లో ఉన్నది 6205 బేరింగ్, తొమ్మిది బాల్స్. షాఫ్ట్ ఒక చుట్టు తిరిగితే బయటి రేస్ మీద ఒక చోటు దాటే బాల్స్ సగటున 3.58. షాఫ్ట్ సెకనుకు 24 చుట్లు తిరుగుతుంది కాబట్టి సెకనుకు 86 దెబ్బలు. ఇది కరెంట్‌లోకి వచ్చేసరికి 50తో తేడా, మొత్తం రెండింటి దగ్గర, అంటే 36 దగ్గరా 136 దగ్గరా కనిపించాలి. చివరి రెండు రోజుల రికార్డుల్లో అక్కడ ఏదో ఉంది, నిజమే. ఎక్కడ చూడాలో ముందే తెలిసి, కళ్లు చిట్లించి చూస్తే కనిపించేంత ఉంది. పల్పర్‌లోకి కాయలు ఒకే తీరున పడవు. ఒకసారి గంపెడు పడతాయి, ఒకసారి నాలుగు. ఆ లోడ్ ఊగిసలాట, దానికి తోడు బెల్ట్ ఊపు, కరెంట్‌లో నింపే రొద ముందు బేరింగ్ గొంతు వినిపించదు. బేరింగ్ దెబ్బ కరెంట్‌కు చేరాలంటే ముందు షాఫ్ట్‌ను కదిలించాలి, ఆ కదలిక రోటార్, స్టేటర్‌ల మధ్య గాలి సందును మార్చాలి, అప్పుడు గానీ కాయిల్‌కు తెలియదు. అదే దెబ్బ హౌసింగ్‌కు నేరుగా తగులుతుంది.

మోటార్లు ఎందుకు చెడిపోతాయో 1980లలో జరిగిన పెద్ద సర్వేలన్నీ దాదాపు ఒకే మాట చెప్పాయి: మొదటి కారణం బేరింగ్‌లే, సుమారు 40 శాతం. రోటార్ లోపాలు పది శాతం దరిదాపుల్లో. నేను పది శాతం జబ్బును అద్భుతంగా పట్టే సెన్సార్‌ను పెట్టి, నలభై శాతం జబ్బును గాలికి వదిలేశాను.

ఆ తర్వాతి సీజన్‌లో వైబ్రేషన్ సెన్సార్లు పెట్టాం. ఇక్కడా సెన్సార్ ఏదైనా ఒకటే అనుకుంటే దెబ్బ తింటాం. విద్యార్థులు ప్రాజెక్టుల్లో ఎక్కువగా వాడే ఏడీఎక్స్‌ఎల్345 చిప్ 1600 హెర్ట్జ్ వరకే వింటుంది. బ్యాలెన్స్ తప్పినా, షాఫ్ట్ అలైన్‌మెంట్ తప్పినా, ఫౌండేషన్ బోల్ట్ వదులైనా దానికి తెలుస్తుంది. బేరింగ్ జబ్బు తొలి దశలో మాత్రం చిన్న సుత్తితో గంట కొట్టినట్టు పైస్థాయి ఫ్రీక్వెన్సీలు మోగుతాయి, రెండు వేల నుంచి పది వేల హెర్ట్జ్ దాకా. వాటిని వినాలంటే పైజో సెన్సార్ గానీ, పదకొండు వేల హెర్ట్జ్ వరకు వినే ఏడీఎక్స్‌ఎల్1002 లాంటి చిప్ గానీ కావాలి. ఆ గంట మోత సెకనుకు ఎన్నిసార్లు లేచి పడుతోందో లెక్కేయడాన్ని ఎన్వలప్ అంటాం. అక్కడే 86 బయటపడుతుంది.

సెకనుకు ఎన్ని మిల్లీమీటర్లు అని చూపే చేతి మీటర్ చాలామంది దగ్గర ఉంది. 15 కిలోవాట్ల లోపు మోటార్లకు ఐఎస్ఓ పాత ప్రమాణం (10816-1, 2016 దాకా ఉన్నది) లెక్కన 0.71 లోపుంటే కొత్తదానిలా ఉన్నట్టు, 1.8 దాటితే ఎక్కువ కాలం అలా నడపకూడదు, 4.5 దాటితే ప్రమాదం. మంచి కొలత అది. కానీ తొలి దశ బేరింగ్ జబ్బుకు ఆ అంకె కదలదు. ఆ సీజన్‌లో ఒక పంపు మోటార్ 1.2 దగ్గరే నిలకడగా ఉంది, ఎన్వలప్‌లో మాత్రం 86, దాని రెట్టింపు 172, మూడింతలు 258 వరసగా లేచాయి. ఆదివారం క్లీనింగ్ టైమ్‌లో బేరింగ్ మార్చాం. పాత బేరింగ్‌ను కోసి చూస్తే బయటి రేస్ మీద ఆవగింజంత గుంట. మెయింటెనెన్స్ అన్న దాన్ని గోటితో తడిమి చూసి, కాగితంలో చుట్టి టూల్ బాక్స్‌లో దాచుకున్నాడు.

వైబ్రేషన్‌కు కష్టాలు లేవని కాదు. గుజ్జు ఫ్యాక్టరీలో రోజూ వేడినీళ్లు, కాస్టిక్ సోడా పోసి కడుగుతారు. మొదటి నెలలోనే మూడు కనెక్టర్లలో నీళ్లు దూరాయి. పెయింట్ మీద అయస్కాంతంతో అంటించిన సెన్సార్ పైస్థాయి మోతలను మింగేస్తుంది, కాబట్టి పెయింట్ గీకి స్టడ్‌తో బిగించాలి. మంచి పైజో సెన్సార్ ఒక్కటే పదివేలు దాటుతుంది, ముప్పై మోటార్లకు పెట్టే స్తోమత చిన్న యూనిట్‌కు ఉండదు. సీటీకి ఈ బాధలేవీ లేవు, పొడి గదిలో హాయిగా ఉంటుంది. (5 యాంపియర్ల సెకండరీ ఉన్న పాత రకం సీటీని మాత్రం లైన్ నడుస్తుండగా ఎప్పుడూ ఓపెన్‌గా వదలకండి, ప్రాణం తీసేంత వోల్టేజి వస్తుంది.)

టెంపరేచర్ సెన్సార్ సంగతీ అడుగుతారు. వేడిని కొలిచే పీటీ100 చవక, వైండింగ్‌ను కాపాడటానికి తప్పక ఉండాల్సిందే. బేరింగ్ విషయంలో అది చివర్లో చెప్తుంది. హౌసింగ్ కాలేసరికి మిగిలేది గంటలే.

ఫ్యాక్టరీకి నా జవాబు ఇదీ: లైన్‌ను ఆపేయగల నాలుగైదు మోటార్లకు వైబ్రేషన్, మిగతావాటికి వారానికోసారి చేతి మీటర్, స్క్రూడ్రైవర్ అన్న చెవి. డబ్బు మిగిలితే కరెంట్.

మా నాయన బోరు దగ్గరికి వస్తే ఇదంతా తిరగబడుతుంది.

మా మోటార్ ఎనిమిది వందల అడుగుల లోతులో ఉంది. ఇరవై అడుగుల పైపులు నలభై. అది అదురుతోందో లేదో చూడటానికి అక్కడికి ఏ చేయీ చేరదు. పైకి వచ్చేది మూడు తీగల కేబుల్ ఒక్కటే, మోటార్ చెప్పదలచుకున్నదంతా దాని గుండానే చెప్పాలి. ఇక్కడ కరెంట్ తప్ప వేరే దారి లేదు, అదృష్టవశాత్తూ ఇక్కడి జబ్బులు కూడా కరెంట్‌కు బాగా తెలిసినవే. ఒక ఫేజ్ పోతే మిగతా రెండింటిలో కరెంట్ దాదాపు 1.73 రెట్లవుతుంది. ఫేజ్‌ల మధ్య వోల్టేజి తేడా ఒక శాతమే ఉన్నా కరెంట్ తేడా ఆరు నుంచి పది శాతం దాకా పోతుంది. మన ఊళ్లలో కాలిపోయే మోటార్లు ఎక్కువగా ఇలాంటి కారణాలతోనే కాలిపోతాయి.

డ్రై రన్, అంటే నీళ్లు లేకుండా మోటార్ నడవడం, దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది. నీళ్లు తగ్గితే లోడ్ తగ్గుతుంది, యాంప్స్ తగ్గుతాయి, కట్ చేస్తే సరి అనుకుంటారు. కానీ మోటార్‌కు అయస్కాంతం కోసం కావాల్సిన కరెంట్ లోడ్ లేకపోయినా పోతూనే ఉంటుంది. మా పది హెచ్‌పీ మోటార్ నిండుగా నీళ్లు పోసేటప్పుడు 17 యాంపియర్లు తీసుకుంటుంది. మొన్న ఏప్రిల్‌లో బోరు గాలి కక్కినప్పుడు 13కి దిగింది. అదే సమయంలో కిలోవాట్లు తొమ్మిదిన్నర నుంచి ఐదున్నరకు పడ్డాయి. యాంప్స్‌లో నాలుగో వంతు తేడా, పవర్‌లో ఐదింట రెండు వంతులకు పైన. పైగా మన దగ్గర వోల్టేజి ఉదయం ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉంటుంది, దానితో పాటే యాంప్స్ మారతాయి. నిన్న పెట్టిన సెట్టింగ్ ఇవాళ్టికి పనికిరాదు. అందుకే బోరుకు కరెంట్ సెన్సార్ ఒక్కటే కొనొద్దు. వోల్టేజి కూడా చూసి పవర్ లెక్కగట్టే మీటర్ పెట్టండి.

ఇక వీఎఫ్‌డీ, అంటే సప్లై ఫ్రీక్వెన్సీ మార్చి మోటార్ వేగం మార్చే డ్రైవ్, ఉన్న మోటార్లు. డ్రైవ్ తన కంట్రోల్ కోసం కరెంట్‌ను ఎలాగూ కొలుస్తుంది, కాబట్టి కరెంట్ డేటా ఉచితమే కదా అని రీసెర్చ్‌లో మేమూ ఆశపడ్డాం. చిక్కేమిటంటే, ఫీల్డ్ ఓరియెంటెడ్ కంట్రోల్ అనే పద్ధతిలో, కరెంట్‌ను కోరిన విలువ దగ్గరే నిలిపే కరెంట్ లూప్ తన పని తాను చేస్తుంది. రోటార్ లోపం వల్ల కరెంట్‌లో వచ్చే ఊగిసలాటను అణిచేస్తుంది. ఆ జాడ అప్పుడు డ్రైవ్ ఇచ్చే వోల్టేజి ఆదేశంలోకి జరుగుతుంది, కరెంట్‌లో మాత్రమే వెతికేవాడికి మోటార్ ఆరోగ్యంగా కనిపిస్తుంది. పైగా డ్రైవ్ స్విచింగ్ వల్ల షాఫ్ట్‌లో పుట్టే వోల్టేజి బేరింగ్ గుండా డిశ్చార్జ్ అయి, రేస్ మీద రుబ్బురోలు గాట్లలాంటి గీతలు పెడుతుంది. షాఫ్ట్ గ్రౌండింగ్ లేకపోతే బేరింగ్ త్వరగా పోతుంది. కాబట్టి డ్రైవ్ ఉన్నచోట నా ఓటు ఇంకా గట్టిగా వైబ్రేషన్‌కే. వేగం మారుతుంది కాబట్టి దానితో పాటు స్పీడ్ కూడా రికార్డ్ చేయాలి. డ్రైవ్ 40 హెర్ట్జ్ మీద నడిస్తే మన 86 కాస్తా 69 దగ్గరకు వస్తుంది.

ప్రాజెక్టుల కోసం వచ్చే విద్యార్థులకు ఒక మాట. అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ బేరింగ్ డేటా మీద, లోపాన్ని పట్టే కంప్యూటర్ మోడల్‌తో 99 శాతం కచ్చితత్వం తెచ్చామని ఎన్నో పేపర్లు చెప్తాయి. అది మంచి డేటా, నేనూ దానితోనే నేర్చుకున్నాను. కానీ అందులో ఉన్నవి రెండు హెచ్‌పీ మోటార్ మీద, స్పార్క్ ఎరోజన్‌తో (కరెంట్ నిప్పురవ్వలతో లోహాన్ని తొలిచే పద్ధతి) కొలత ప్రకారం చేసిన గుంటలు. అక్కడ కాయలు పడవు, కాస్టిక్ నీళ్లు చిమ్మవు, పక్క మోటార్ అదురు నేల గుండా రాదు. అక్కడ నేర్పిన మోడల్‌ను మా పంపు డేటా మీద నడిపితే కొత్తగా గ్రీజు పెట్టిన మంచి బేరింగ్‌ను కూడా చెడ్డదంది. ఆ ఊళ్లో పెరిగిన మోడల్‌కు ఈ ఊరి చప్పుడు నేర్పాలి. అందుకు ఒక పూర్తి సీజన్ రికార్డింగ్ కావాలి.

ఈ ఏడాది ఆ ఫ్యాక్టరీలో నాలుగు పల్పర్లకూ, స్టెరిలైజర్ పంపుకూ వైబ్రేషన్ సెన్సార్లు స్టడ్‌లతో బిగించాం, కనెక్టర్లకు రబ్బరు తొడుగులు వేశాం. పాత సీటీలను ఓవర్‌లోడ్, ఫేజ్ తేడాల కోసం ప్యానెల్‌లో అలాగే ఉంచాం. పెట్టె మీద ఇప్పుడు పచ్చ లైటు తీసేశాను. దాని చోట చిన్న స్క్రీన్ పెట్టి, ప్రతి బేరింగ్‌కు ఎన్వలప్ అంకె నిన్నెంత, ఇవాళెంత అని రెండూ చూపిస్తున్నాను. దాని కింద, షిఫ్ట్‌లో స్క్రూడ్రైవర్‌తో ఏం వినిపించిందో రాయడానికి ఒక నోట్‌బుక్ దారంతో కట్టి ఉంది.