ఆకుకు లెక్క, నిమ్మచెక్కకు లెక్క: కోల్‌కతా వీధుల్లో

కోల్‌కతా వెళ్లేవాళ్లకు ముందుగా లాడ్జి సంగతి చెప్పాలి. మా డబ్బు పోయింది అక్కడే.

విశాఖ వైపు నుంచి వెళ్లే రాత్రి రైళ్లు కొన్ని పొద్దున్నే హౌరాలో దింపుతాయి. లాడ్జీల్లో చెక్-ఇన్ మధ్యాహ్నం పన్నెండుకి. ఈ ఆరు గంటల సందు మీదే వాళ్ల వ్యాపారం. ఎస్ప్లనేడ్ దగ్గర సందులో మేం ఆన్‌లైన్‌లో తీసుకున్న గది రోజుకు 1,650. కౌంటర్ దగ్గరికి వెళ్లేసరికి ముందుగా దిగినందుకు 800 అన్నాడు. మూడో మనిషికి పరుపు 500. గదిలోకి వెళ్లాక ఏసీ రిమోట్‌కి 300. కిటికీ తెరిస్తే చెయ్యి చాపేంత దూరంలో పక్కింటి గోడ. ఇవన్నీ ఒకేసారి చెప్పి ఉంటే వేరే చోటు చూసుకునేవాళ్లం. ఒక్కొక్కటీ బయటపెట్టారు, అది కూడా సామాను పైకి చేర్చాక. బావ గొడవపడ్డాడు. అక్క సూట్‌కేసు మీద కూర్చుని "ఇచ్చేసి పడుకుందాం రండి" అంది. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద రాసిచ్చారు, జీఎస్టీ నంబరు లేదు.

కాబట్టి గది తీసుకునే ముందు ఫోన్ చేసి నాలుగు అడగండి. గడియారం లెక్క 24 గంటలా, మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నానికా? పొద్దున ఆరుకి దిగితే ఎంత? ఏసీ, వేడినీళ్లు అద్దెలో కలిసే ఉన్నాయా? అదనపు మనిషికి ఇచ్చేది మంచమా, పరుపా? జవాబులు వాట్సాప్‌లో రాయించుకోండి. రాసివ్వనంటే ఆ గది వద్దు. రైలు పొద్దున్నే దిగేటట్టయితే హౌరా స్టేషన్‌లోనే క్లోక్‌రూమ్‌లో సామాను పెట్టి, వెయిటింగ్ హాల్లో స్నానం కానిచ్చి, మధ్యాహ్నం దాకా ఊరు తిరగడం ఉత్తమం. రెండో రోజు మేం దక్షిణానికి, కాళీఘాట్ మెట్రో దగ్గరికి మారిపోయాం. 2,000కి గాలి, వెలుతురు ఉన్న గది దొరికింది. దగ్గర్లోని లేక్ మార్కెట్ చాలాకాలంగా దక్షిణాదివాళ్లు ఉండే పేట, ఇడ్లీ, దోసె, మంచి కాఫీ దొరుకుతాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు నేరుగా అక్కడే దిగండి.

హౌరాలో బయటికి రాగానే టాక్సీవాళ్లు చుట్టుముడతారు. మమ్మల్ని ఎస్ప్లనేడ్‌కి 600 అడిగారు. అదే దూరం మెట్రోలో 10 రూపాయలు. 2024 మార్చి నుంచి గంగ కింద నుంచి మెట్రో నడుస్తోంది. నది కింది భాగం 520 మీటర్లు, దాటడానికి ముప్పావు నిమిషం. 2025 ఆగస్టులో సియాల్దా ముక్క కూడా కలిశాక హౌరా, సియాల్దా స్టేషన్ల మధ్య ప్రయాణం పదకొండు నిమిషాలకు వచ్చింది. ఒకప్పుడు ఆ దారిలో బస్సులో గంట పట్టినా అడిగేవాడు లేడు. స్టేషన్ చాలా లోతు, ఎస్కలేటర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కాలి, సామాను తగ్గించుకోండి. తెల్లవారుజామున దిగితే మెట్రో ఇంకా మొదలవదు, మొదటి రైలు వేళ ముందే చూసుకోండి.

సామాను లేకపోతే మెట్రో కూడా వద్దు, లాంచీ ఎక్కండి. స్టేషన్ ఎదురుగానే రేవు, టికెట్ 6 రూపాయలు. ఫెయిర్లీ రేవులో దిగితే ఆఫీసుల పేట, బాబూఘాట్‌లో దిగితే మైదానం అనే పెద్ద పచ్చికబయలు వైపు. నీళ్ల మీద నుంచి చూస్తేనే హౌరా వంతెన ఎంత పెద్దదో తెలుస్తుంది. 1943లో తెరిచిన ఈ వంతెనను నట్టూ బోల్టూ లేకుండా రివెట్లతోనే బిగించారు. కాళ్లకు ఫైబర్ తొడుగులు కనిపిస్తాయి. కిళ్లీ ఉమ్ముల్లోని సున్నానికి, రసాలకు ఉక్కు తినుకుపోతుంటే వేసినవి అవి. వంతెనకు కోల్‌కతా వైపు మొదట్లోనే మల్లిక్ ఘాట్ పూల సంత. పొద్దున ఏడులోపే వెళ్లాలి. బంతిపూల దండలు తాళ్ల చుట్టల్లా నెత్తిన పెట్టుకుని పరుగెత్తే కూలీలకు దారి ఇవ్వాలి, ఫోటో కోసం మధ్యలో నిలబడితే తోసేస్తారు, అందులో వాళ్ల తప్పేం లేదు. నేలంతా బురద, చెప్పులు జారనివి వేసుకోండి.

ఇక అసలు విషయం, భోజనం. పెద్ద రెస్టారెంట్ల జాబితాలన్నీ పక్కన పెట్టి పైస్ హోటళ్లకు వెళ్లండి. పైసాల కాలంలో, ఊళ్ల నుంచి వచ్చిన గుమస్తాల కోసం, విద్యార్థుల కోసం పుట్టిన భోజన హోటళ్లివి. కాలేజ్ స్ట్రీట్ దగ్గర భవానీ దత్త లేన్‌లో స్వాధీన్ భారత్ హిందూ హోటల్ ఉంది, స్వాతంత్ర్యానికి ముందు దాని పేరు ఉత్త హిందూ హోటలే. న్యూ మార్కెట్ దగ్గర సిద్ధేశ్వరీ ఆశ్రమ్, రాస్‌బిహారీ వైపు తరుణ్ నికేతన్ కూడా ఇదే కోవ.

మన మీల్స్ హోటల్లో ఒక ధర కట్టి కడుపు నిండా తింటాం. ఇక్కడ ప్రతిదానికీ విడి ధర. అరిటాకుకు ధర, నిమ్మచెక్కకు ధర, రెండోసారి అన్నానికి ధర. మొదట్లో అక్కకు ఇది పిసినారితనంలా అనిపించింది. బిల్లు చూశాక మాట మార్చింది. మేం తిన్నచోట ఆకు 5, అన్నం 20, పప్పు 15, బంగాళాదుంప వేపుడు 20, రోహు చేప ముక్క పులుసు 90, టమాటా చట్నీ 15. మనిషికి 165 రూపాయలు, అందులో తినని దానికి ఒక్క పైసా లేదు. పలక మీద ఆ రోజు ధరలన్నీ సుద్దతో రాసి ఉంటాయి. వడ్డించిన కుర్రాడు ఏమీ రాసుకోడు. మనం చెయ్యి కడుక్కుని వచ్చేసరికి గల్లాపెట్టె దగ్గర నిలబడి ఎవరు ఏం తిన్నారో గడగడా చెప్పేస్తాడు. మా ముగ్గురి లెక్కా తప్పు లేకుండా చెప్పాడు, రెండోసారి అడిగిన అన్నంతో సహా.

తినే పద్ధతి ఒకటుంది. అన్నీ ఒకేసారి ఆకులో వేయించుకుని కలిపేయకండి. ముందు చేదు, అంటే కాకరకాయో శుక్తో కూరో. తర్వాత పప్పూ వేపుడూ. ఆ తర్వాత కూర, చివర్లో చేప, ఆఖరున తీపి చట్నీ, అప్పడం. పెరుగు మనలా చివర అన్నంలోకి రాదు, విడిగా తీపి పెరుగు కొనుక్కోవాలి. కారం తక్కువే. ఆవనూనె ఘాటు మాత్రం మొదటి పూట ముక్కుకు ఎక్కుతుంది, రెండో పూటకు అలవాటైపోతుంది. ముళ్లకు భయపడేవాళ్లు రోహు, కట్ల, భేట్కీ అడగండి. ఇలిష్ జోలికి హడావుడిలో వెళ్లొద్దు, అది మన గోదావరి పులస జాతే, ముళ్లూ అలాగే ఉంటాయి, ధరా అలాగే ఉంటుంది. పదకొండున్నర, పన్నెండు మధ్య వెళ్లండి. రెండు దాటితే మంచి చేపలు అయిపోతాయి. శాకాహారులు పప్పుతో, పోస్తో (గసగసాల) కూరతో లక్షణంగా తినొచ్చు, కానీ వంటిల్లు ఒకటే, ఆ పట్టింపు ఉన్నవాళ్లకు సరిపడదు.

భోజనం నచ్చినవాళ్లు మర్నాడు పొద్దున ఏదైనా చేపల బజారు చూడాలి. గరియాహాట్ బజారు బయటివాళ్లకు తిరగడానికి సులువు. సిమెంటు అరుగు మీద కూర్చున్న మనిషి ఎదుట పెద్ద కత్తిపీట, మనిళ్లలో కూరలు తరిగేదే, నాలుగింతలు పెద్దది. పీటను కాలితో అదిమిపట్టి, చేపను రెండు చేతులతో కత్తి మీదికి నెడతాడు. కత్తి కదలదు, చేపే కదులుతుంది. పొలుసు తీయడం, తల చీల్చడం, నడుము ముక్కలు, పొట్ట ముక్కలు వేరు చేయడం అన్నీ ఆ నిలువు అంచు మీదే. కొనేవాళ్లు ముందే చెప్తారు, వీపు భాగం కావాలంటే గాదా, కొవ్వుండే పొట్ట భాగం కావాలంటే పేటి. మొత్తం చేప కొంటే కిలో ధర ఒకటి, ముక్కలుగా కొంటే ఇంకొకటి, రెండోది ఎక్కువ. అడిగేటప్పుడు ఏ ధరో తేల్చుకోండి.

ఇక్కడే బావ ముఖం వెలిగిపోయింది. రెండు గుట్టల కట్ల పక్కపక్కనే ఉంటే ధరలో తేడా ఎందుకని అడిగాడు. నీళ్ల తొట్టిలో బతికి కొట్టుకుంటున్నది స్థానికం, కిలో 450. మంచులో ఉన్నది "ఆంధ్రా", కిలో 280. కైకలూరు, ఆకివీడు, భీమవరం చెరువుల్లో పెరిగి, మంచుపెట్టెల్లో లారీలెక్కి వచ్చిన బొచ్చె, శీలావతులే కోల్‌కతాలో ఎన్నో ఇళ్లలో రోజువారీ చేప. బెంగాలీ గృహిణి నాలుకకు బతికున్న చేపే గొప్ప, మన చేపకు రెండో పీట వేస్తుంది. భీమవరం మనిషైన బావకు అది మింగుడుపడలేదు, అమ్మేవాడితో వాదించాడు. వాడు నవ్వుతూ మన చేప మొప్పలు ఎత్తి చూపించాడు, ఎర్రగానే ఉన్నాయి. అలా మొప్పలు చూసే కొనాలి. చేపల మీద వేలాడే లైట్ల వెలుగులో అంతా తాజాగానే కనిపిస్తుంది, ఆ రంగును నమ్మొద్దు.

వీధుల్లో తిరగడానికి చిల్లర ఉండాలి. టీ కొట్లలో, రోల్ బండ్ల దగ్గర యూపీఐ అంతటా వచ్చేసింది, మట్టి ముంతలో పది రూపాయల టీకి కూడా స్కానర్ ఉంది. షేర్ ఆటోలో మాత్రం "ఖుచ్‌రో", అంటే చిల్లర, లేదంటే పేచీ. ఇక్కడి ఆటోలు మనవాటిలా పిలిచినచోటికి రావు. కట్టుదిట్టమైన రూట్లలో నడుస్తాయి, వెనక ముగ్గురు, డ్రైవరు ఎడమపక్క ఒకరు. రూటు చివరి పేరు చెప్పి ఎక్కడమే. బస్సులో కండక్టరు నోట్లను నిలువుగా మడిచి వేళ్ల మధ్య విసనకర్రలా పట్టుకుంటాడు. ఆడవాళ్లు దిగుతుంటే "ఆస్తే, లేడీస్" అని రేకును చరిచి డ్రైవరుకు చెప్తాడు. అయినా బస్సు పూర్తిగా ఆగదు, ఎడమకాలు ముందు పెట్టి దిగాలి. టాక్సీలో వెళ్లేవాళ్లు ఇంకొకటి తెలుసుకోండి. చాలా వన్‌వే వీధులకు మధ్యాహ్నం దిశ మారిపోతుంది. పొద్దున పది నిమిషాల్లో వచ్చిన దారి సాయంత్రం చుట్టూ తిప్పితే అది మోసం కాకపోవచ్చు.

ట్రాము ఎక్కాలనుకుంటే ఆలస్యం చేయొద్దు. 1873లో గుర్రాలతో మొదలై, 1902లో కరెంటెక్కిన ట్రాములు ఇప్పుడు నామమాత్రం. 2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎస్ప్లనేడ్ నుంచి మైదానం దాకా ఒక్క వారసత్వ మార్గం తప్ప మిగతావి ఆపేస్తామంది. శ్యాంబజార్ నుంచి కాలేజ్ స్ట్రీట్ మీదుగా ఎస్ప్లనేడ్ వచ్చే 5వ నంబరు నాకు అన్నిటికన్నా నచ్చింది, అది నడుస్తోందో లేదో ఎస్ప్లనేడ్ డిపోలో అడిగి తెలుసుకోండి. వీధి మధ్యలో పట్టాలు తీసేస్తే దారి వెడల్పవుతుందన్న వాదన నాకు రుచించదు. తీసేసిన చోట్ల ఆ జాగాలో కార్లు నిలబెడుతున్నారు. పసుపు రంగు అంబాసిడర్ టాక్సీలూ అంతే. హింద్‌మోటార్ ఫ్యాక్టరీ 2014లో ఆగిపోయింది, పదిహేనేళ్లు నిండిన టాక్సీలు నగరంలో తిరగకూడదు, కాబట్టి ప్రతి ఏడాదీ కొన్ని తగ్గుతున్నాయి. మనిషి లాగే రిక్షాలకు 2005 నుంచి కొత్త లైసెన్సుల్లేవు. వానాకాలంలో మోకాలిలోతు నీళ్లలో నడిచేవి మాత్రం ఇప్పటికీ అవే. ఎక్కడం ఇబ్బందిగా ఉంటే ఎక్కకండి, ఎక్కితే బేరమాడకండి.

కాలిబాటల మీద కొట్లు కూడా మునుపటిలా లేవు. 1996లో ఒకసారి రాత్రికి రాత్రి ఎత్తేశారు, మళ్లీ వచ్చాయి. 2024 జూన్‌లో మళ్లీ తొలగింపులు జరిగాయి. నిబంధన ప్రకారం కొట్టు మూడోవంతు బాటకు మించకూడదు. గరియాహాట్‌లో 2019 అగ్నిప్రమాదం తర్వాత ప్లాస్టిక్ పట్టాలు పోయి రేకు గొడుగులొచ్చాయి. నడవడానికి చోటు కాస్త పెరిగింది, చీరల బేరం మాత్రం తగ్గలేదు. చెప్పిన ధరలో సగానికి మొదలుపెట్టండి.

ఆదివారం ప్లాను జాగ్రత్త. ఆఫీసులు మూసేస్తారు కాబట్టి డేకర్స్ లేన్ తిండి కొట్లు కట్టేసి ఉంటాయి, కాలేజ్ స్ట్రీట్ పుస్తకాల కొట్లూ అంతే. పొద్దున్నే తిరెట్టా బజార్లో చైనీయుల టిఫిన్లకు ఆదివారమే మంచిది, ఆరున్నరలోపు చేరుకోవాలి. పంది మాంసం ఎక్కువ, అడిగి తినండి.

చలికాలంలో వెళ్తే పాటాలీ బెల్లం తెచ్చుకోండి. ఇది ఈతకల్లు తీసే చెట్టు నీరాతోనే కాస్తారు, డిసెంబరు, జనవరిలో బాగుంటుంది. గట్టిగా, మెరుస్తూ, కొరికితే పలుకులు తగిలితే పంచదార కలిపినట్టే. మంచిది వేలితో నొక్కితే లొంగుతుంది, పొగవాసన కాస్త తగులుతుంది. ఒకే బజారులో కిలో 180కీ చెప్పారు, 400కీ చెప్పారు. 180ది వాసన కూడా రాలేదు. రైల్లో ఏసీ బోగీ అయితే ఫరవాలేదు, స్లీపర్ అయితే స్టీలు డబ్బాలో పెట్టండి, ప్లాస్టిక్ కవర్లో మాది సగం కరిగి అక్క చీరలకు అంటుకుంది.