పార్కిన్సన్స్‌కు ఫిజియోథెరపీ: నాలుగేళ్ల తర్వాత నా లెక్క

మొదట కుడి భుజం పట్టేసింది. తిరుపతిలోనే ఒక సెంటరులో రెండు నెలలు కరెంటు పెట్టి, కాపడం పెట్టి పంపించారు. నడిచేటప్పుడు ఆ చేయి ఊగడం లేదని అక్కడ ఎవరూ గమనించలేదు. అది పార్కిన్సన్స్ అని, అంటే కదలికలను మందగింపజేసే మెదడు జబ్బు అని, న్యూరాలజిస్టు తేల్చేసరికి ఏడాది గడిచింది. అందుకే ఫిజియోథెరపీ అంటే నాకు చాలాకాలం గురి కుదరలేదు.

ఇప్పుడు వెళ్లే చోటు వేరు. మొదటిరోజు అక్కడి ఫిజియోథెరపిస్టు అమ్మాయి యంత్రాల జోలికే పోలేదు. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, వెనక్కి వచ్చి కూర్చోమంది. గడియారం చూసి 19 సెకన్లు అని రాసుకుంది.

నన్ను ఏడిపించేది వంటింటి గడప. దాని ముందుకు రాగానే పాదాలు నేలకు అతుక్కుపోతాయి. మా ఆవిడ వెనక నుంచి "పదండి, పదండి" అనేకొద్దీ ఇంకా బిగుసుకుంటాయి. అలిపిరి దగ్గర మాత్రం ఈ బాధ లేదు! అక్కడివి 3,550 మెట్లంటారు; నేను ఎక్కేది మొదటి వందే, కానీ తడబడకుండా ఎక్కుతాను. ఇదేం వింత అని ఆ అమ్మాయినే అడిగాను. ఈ జబ్బులో మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గుతుందట, అది తగ్గితే తనంతట తాను సాగే నడక దెబ్బతింటుందట. కంటికి మెట్టు కనిపిస్తే మెదడు వేరే దారిలో అడుగు వేయిస్తుందట. గడపకు ఇవతల అడ్డగీతలు గీయమంది. మా ఆవిడ ముగ్గుపిండితో నాలుగు గీసింది. ఒక్కో గీతనూ దాటాలనుకుంటూ నడిచాను, గడప దాటేశాను. ఇప్పుడవి పెయింటు గీతలు. చుట్టాలు మాత్రం ఇదేం ముగ్గని అడుగుతూనే ఉన్నారు.

గీతలు లేనిచోట ఆగి, ఒంటి బరువును అటూ ఇటూ ఊపి, "ఒకటి" అని పెద్ద అడుగు వేయాలి. గోవిందరాజస్వామి గుడి దగ్గరి రద్దీలో ఇది సగం సార్లే పనిచేస్తుంది.

జబ్బు ఆగలేదు, ఆగుతుందని వాళ్లూ చెప్పలేదు. 19 సెకన్లు ఏడాదికి 14 అయ్యాయి, ఈ మధ్య మళ్లీ 17. కానీ అంతకుముందు ఏడాదిలో ఐదుసార్లు పడినవాడిని, పోయిన ఏడాది ఒక్కసారే పడ్డాను.

ఒక ఫిర్యాదు ఉంది. ఆ డోపమైన్ లోటు తీర్చే లెవోడోపా మాత్ర వేసుకున్న గంటకు నా ఒళ్లు వదులవుతుంది, వ్యాయామం ఆ వేళలోనే కుదురుతుంది. సెంటరు వాళ్లు వాళ్లకు వీలైన టైమే ఇస్తారు. అలా ఎన్ని సిట్టింగులు దండగయ్యాయో! పైగా సెంటరు మొదటి అంతస్తులో, లిఫ్టు లేదు. మెట్లు నాకు ఇబ్బంది కాదు గానీ, పక్షవాతం వచ్చినవాళ్లను ఇద్దరు పట్టుకుని ఎక్కించాల్సి వస్తోంది.

ఇప్పుడు నెలకు రెండుసార్లే వెళ్తున్నాను. మిగతా రోజుల్లో ఆరున్నరకు మాత్ర, ఏడున్నరకు హాల్లో కుర్చీ, గోడ, గీతలు. లెక్కపెట్టేది మా ఆవిడే. స్టవ్వు మీద పాలు పొంగిన రోజు నాకు పది అడుగులు ఎక్కువ పడతాయి.