తేలినీలాపురం చలికాలపు ఫొటో యాత్ర: ఎక్కడ పడుకోవాలి, ఏ బండి ఎక్కాలి, ఎవరిని వెంట తీసుకెళ్లాలి

శ్రీకాకుళం జిల్లాలో గూడబాతులు (పెలికాన్లు), రంగుల కొంగలు గూళ్లు కట్టే ఊరు తేలినీలాపురం. ఇక్కడ ఫొటోకి పనికొచ్చే వెలుగు పొద్దున్న రెండు గంటలే. డిసెంబరు ఆఖర్లో ఇక్కడ సూర్యుడు ఆరున్నర ప్రాంతంలో వస్తాడు. ఎనిమిదిన్నర దాటేసరికి గూడబాతుల తెల్లటి ఈకలు ఎండకి తెల్లబారిపోతాయి, ముక్కు కింద వేలాడే సంచి నీడలో పడి నల్లబడిపోతుంది. కెమెరా ఎంత ఖరీదైనదైనా ఆ తేడాని సర్దలేదు. అందుకే ఈ యాత్రలో లెన్స్ కంటే ముందు తేల్చుకోవాల్సింది, ముందురోజు రాత్రి ఎక్కడ పడుకుంటారన్నది.

విశాఖలో గది తీసుకుని తెల్లారుజామున బయల్దేరడం చాలామంది చేసే పని. మంచు లేని రోజు కూడా, ఈ ఊరికి దగ్గరి పట్నమైన టెక్కలికి మూడు గంటలు పైమాటే. డిసెంబరు, జనవరి నెలల్లో హైవే మీద మంచు దిగితే లారీల వెనక పాకుతూ రావాలి. చేరేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. అప్పటికి మిగిలేది చెట్టు మీద పక్షులున్నాయనడానికి సాక్ష్యంగా పనికొచ్చే ఫొటోలే. శ్రీకాకుళం పట్నంలో గదులు బావుంటాయి, భోజనం బావుంటుంది. కానీ అక్కణ్ణుంచి టెక్కలి 50 కిలోమీటర్లు, మంచులో గంటంపావు పట్టినా ఆశ్చర్యం లేదు. నాలుగున్నరకే లేచి బయల్దేరగలిగినవాళ్లకి అది పరవాలేదు. మిగతావాళ్లకి టెక్కలే సరైన చోటు. లాడ్జీలు మామూలువే. గోడలు, దుప్పట్లు చూసి పెదవి విరవకండి. అక్కణ్ణుంచి పక్షుల ఊరు అరగంట లోపే.

టెక్కలి లాడ్జీలో దిగేటప్పుడే మూడు సంగతులు అడిగి తేల్చుకోవాలి. తెల్లవారుజామున అయిదింటికి గేటు తాళం ఎవరు తీస్తారు? ఆ వేళకి వేడినీళ్లు వస్తాయా? గదిలో పనిచేసే ప్లగ్గులు ఎన్ని? మొదటిది మర్చిపోతే గేటు దగ్గరే అరగంట పోతుంది. ప్లగ్గులు తక్కువైతే రెండు బ్యాటరీలు, ఫోను, టార్చి అన్నీ రాత్రికి రాత్రి ఎక్కవు కాబట్టి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు వెంట ఉంచుకోవాలి. అంత పొద్దున్నే టిఫిను దొరుకుతుందని నమ్ముకోవద్దు. రాత్రే అరటిపళ్లు, బ్రెడ్డు కొనిపెట్టుకోండి. తిరిగొచ్చేటప్పుడు దారిలో చోడంబలి (రాగి అంబలి) అమ్మేవాళ్లు కనిపిస్తే అదే మంచి భోజనం.

గదిలో ఏసీ వేసుకుని పడుకుంటే పొద్దున్నే ఒక చిక్కు రావచ్చు. బయటి గాలి కంటే బాగా చల్లబడ్డ లెన్స్‌ని ఆ తేమగాలిలోకి తీయగానే ముందు అద్దమంతా చెమర్చేస్తుంది. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది. లెన్స్ బయటి గాలి వేడికి వచ్చేదాకా, అంటే ముప్పై నలభై నిమిషాలు, ఏమీ చేయలేం. ఆ రెండు గంటల్లో అరగంట పైనే అక్కడే పోతుంది. చలికాలంలో ఇక్కడ ఏసీ అవసరమే లేదు. వేసుకోక తప్పదంటే కెమెరా సంచిని జిప్పు వేసి ఉంచి, బయల్దేరడానికి గంట ముందే వరండాలో పెట్టండి.

తేదీల విషయంలో రెండు హెచ్చరికలు. భోగి, సంక్రాంతి, కనుమ రోజుల్లో ఊళ్లకి వచ్చినవాళ్లంతా పిల్లాపాపలతో పక్షుల్ని చూడ్డానికి వస్తారు. ఊరికది పండగే, ఫొటోకి మాత్రం చోటుండదు. రథసప్తమికి అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనానికి జనం పోటెత్తుతారు, శ్రీకాకుళంలో గది దొరకదు. రైలు మీద వచ్చేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, పట్నంలో కాదు. పక్షుల కోసమైతే పలాసలో దిగడం మేలు. నౌపడ జంక్షన్ ఇంకా దగ్గరే కానీ అక్కడ ఆగే బళ్లు తక్కువ.

ఇక పక్షులు. తేలినీలాపురానికి వచ్చేవి ముఖ్యంగా రెండు జాతులు: చుక్కలముక్కు గూడబాతు, అంటే పెలికాన్, రంగుల కొంగ, అంటే పెయింటెడ్ స్టార్క్. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వచ్చి ఊళ్లోని చింతలూ తుమ్మలూ ఇతర పెద్ద చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లలకి రెక్కలొచ్చాక మార్చి, ఏప్రిల్‌లో వెళ్లిపోతాయి. పుల్లలు మోసుకొచ్చే దృశ్యాలు కావాలంటే అక్టోబరు, నవంబరు. పిల్లల్ని మేపే దృశ్యాలు కావాలంటే జనవరి, ఫిబ్రవరి. ఏడాదిని బట్టి రెండు మూడు వారాలు అటూ ఇటూ అవుతాయి.

ఇవి సైబీరియా నుంచి వస్తాయన్న మాట పేపర్లలో తరచూ కనిపిస్తుంది. అది తప్పు. ఈ రెండూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే. నీళ్లూ చేపలూ ఉన్నచోటు వెతుక్కుంటూ ఈ నేల మీదే తిరుగుతుంటాయి. నిజంగా ఉత్తరాన మంచుదేశాల నుంచి వచ్చినవాళ్లు నౌపడ ఉప్పు మడుల్లో ఉంటారు, కానీ వాళ్ల వైపు ఎవరూ చూడరు. ఆ సంగతి తర్వాత.

గూళ్ల కింద నిలబడేటప్పుడు ముందు నేర్చుకోవాల్సింది ఊరివాళ్ల మాట: "చెట్టు కిందకెల్లకండి బాబూ, పిల్లలు కిందడిపోతాయి." మనిషి కిందకి రాగానే తల్లి గూట్లో లేచి నిలబడుతుంది. పిల్ల బెదిరి అంచుకి జరుగుతుంది. పడిన పిల్లకి కాలో రెక్కో విరుగుతుంది. తల్లి పూర్తిగా లేచిపోతే కాకి గుడ్డు పట్టుకుపోవడానికి నిమిషం చాలు. ఈ పక్షులు వస్తే ఊరికి మంచిదని నమ్మి ఏళ్లుగా కాపాడుకుంటున్న మనుషులు వాళ్లు. వాళ్లు గీసిన గీత దాటకండి. నిజానికి దగ్గరకి వెళ్లే అవసరమూ లేదు. 400 మిల్లీమీటర్ల లెన్స్‌కి గూడు నిండుగా వస్తుంది, ఎగురుతున్న పక్షికి 300 కూడా సరిపోతుంది. గూడబాతు రెక్కలు విప్పితే ఈ కొస నుంచి ఆ కొసకి దాదాపు రెండున్నర మీటర్లు. 600 పెట్టుకుంటే రెక్క కొసలు తెగిపోతాయి.

పొద్దున చెట్లకి తూర్పు వైపు, సాయంత్రం పడమర వైపు నిలబడాలి, ఎండ మన వీపు మీద ఉండాలి. తెల్లటి ఆకాశం ముందున్న పక్షికి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుగు రెట్టింపు) పెంచాలి, లేకపోతే నల్లటి బొమ్మే మిగులుతుంది. ముదురాకు ముందు కూర్చున్న పక్షికి ముప్పావు స్టాప్ దాకా తగ్గించాలి, లేకపోతే వీపు మీద ఈకల గీతలు పోతాయి. ఎగిరేవాటికి షట్టర్ వేగం 1/1600 సెకను కంటే తగ్గించొద్దు. వాలుతున్న రంగుల కొంగకి 1/2000. మంచు చిక్కగా ఉంటే ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. అప్పుడు మధ్య పాయింటు ఒక్కటే ఉంచుకుని, పక్షి మీద కాక గూటి నల్లటి పుల్లల అంచు మీద ఫోకస్ పట్టాలి.

మేత వేళ మాత్రం వేలు షట్టర్ మీంచి తీయకండి. తల్లి వాలగానే పిల్ల దాని ముక్కు బార్లా తెరిపించి తల, మెడ, సగం భుజం దాకా ఆ సంచిలోకి దూర్చేస్తుంది. బయట కనిపించేది కొట్టుకుంటున్న రెండు రెక్కలే. కాసేపటికి తడిసిన తలతో బయటపడుతుంది. ఆ తర్వాత కొన్ని పిల్లలు మెడ విదిలించుకుంటూ, తమ రెక్కని తామే కొరుక్కుంటూ, మూర్ఛ వచ్చినట్టు గూట్లో వాలిపోతాయి. కొత్తగా చూసినవాళ్లు చచ్చిపోయిందని కంగారుపడి కేకలేస్తారు. గూడబాతు పిల్లల్లో ఇది మామూలే, కాసేపటికి లేచి కూర్చుంటుంది. పక్క కొమ్మ మీద రంగుల కొంగ ఎండ ఎక్కేకొద్దీ రెక్కలు అరవిప్పి గొడుగులా పిల్లలకి నీడ పడుతుంది. ఎనిమిదిన్నర తర్వాత తీయదగ్గది ఇదొక్కటే. పక్షి వెనక నుంచి వచ్చే ఎండలో ఆ గులాబీ ఈకలు వెలుగుతాయి.

2021-22 చలికాలంలో నులిపురుగుల వల్ల ఇక్కడ చాలా గూడబాతులు చనిపోయాయి. కింద పడిన పక్షినీ, తూలుతున్న పక్షినీ ముట్టుకోకుండా అక్కడి అటవీశాఖ వాచర్‌కి చెప్పండి.

తోడు విషయానికొస్తే, దొరికేవి మూడు రకాలు. అటవీశాఖ వాచర్లకి ఏ గూట్లో ఎప్పుడు గుడ్లు పిల్లలయ్యాయో తెలుసు, ఎక్కడ నిలబడొచ్చో కచ్చితంగా చెబుతారు. కెమెరా సంగతులు వాళ్లకి పట్టవు, పట్టక్కర్లేదు. ఊరి కుర్రాళ్లు హుషారుగా వస్తారు, ఉప్పు మడుల గట్లు వాళ్లకి కొట్టిన పిండి. డబ్బు సంగతి బయల్దేరకముందే మాట్లాడుకుని, పని అయ్యాక మర్యాదగా ఇవ్వండి. మూడోది, పెద్ద నగరాల నుంచి ప్యాకేజీ కట్టి తీసుకొచ్చే బృందాలు. గది, బండి, తిండి అన్నీ వాళ్లే చూస్తారు, ఫొటో పాఠాలు కూడా చెబుతారు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి ఉపయోగమే. కానీ డబ్బు కట్టే ముందు ఒక గైడుకి ఎంతమంది, రాత్రి బస టెక్కలిలోనా ఇంకెక్కడైనానా అని అడగండి. ఆరుగురు దాటితే గూళ్ల దగ్గర మోచేతులు తగులుతాయి. ఎగిరే ఫొటో కోసం చప్పట్లు కొట్టించేవాళ్లు, డ్రోన్ ఎగరేసేవాళ్లు ఉన్నారు. అలాంటి బృందంతో ఎంత తక్కువకి వచ్చినా వెళ్లొద్దు. గూళ్ల మీద డ్రోన్ అంటే వందల గుడ్లని ఒకేసారి కాకులకి అప్పగించడమే.

ఎనిమిదిన్నరకి ఇక్కణ్ణుంచి లేస్తే నౌపడ మడులకి ఆలస్యమైపోయినట్టే, కాబట్టి వాటికి మరో పొద్దు కేటాయించాలి. తొమ్మిది దాటాక మడుల మీద గాలి వేడెక్కి అలలలా ఊగుతుంది. వంద మీటర్ల దూరంలో ఉన్న పిట్ట ఫొటో ఎంత బాగా ఫోకస్ చేసినా మెత్తగానే వస్తుంది. లెన్స్ పాడైందని రిపేరుకి పంపినవాళ్లున్నారు. తప్పు లెన్స్‌ది కాదు, వేళది.

మడుల దగ్గర కారు కంటే ఆటో మేలు, నిస్సందేహంగా. గట్ల మీది దారిలో కారు తిరగదు. ఆటోలో సీటు కిందికుంటుంది, పక్కలు తెరిచి ఉంటాయి, కెమెరా దాదాపు పిట్ట కంటి ఎత్తుకి వస్తుంది. రోజూ చూసే బండి కాబట్టి పిట్టలు బెదరవు. దిగిన మనిషిని చూస్తేనే లేస్తాయి. రెండు కిలోల బియ్యం పోసి కుట్టిన గుడ్డసంచి పక్క రాడ్డు మీద వేసి, దాని మీద లెన్స్ ఆనించాలి. ఇంజిను ఆపించడం మర్చిపోకండి, ఆ వణుకుతో 500 మిల్లీమీటర్ల ఫొటో ఒక్కటీ నిలవదు. ఆటోని కిలోమీటర్ల లెక్కన కాక పూటకి మాట్లాడుకోవాలి. ఎక్కువసేపు జరిగేది ఆగి ఉండడమే కాబట్టి, ఆ సంగతి డ్రైవర్‌కి ముందే చెబితే విసుక్కోడు. మూలపేట పోర్టు పనుల లారీలు తిరిగే దారుల్లో దుమ్ము ఎక్కువ. అటు వెళ్లేటప్పుడు లెన్స్ మార్చే పని పెట్టుకోవద్దు.

సైబీరియా అతిథులు ఇక్కడే. పిచ్చుకంత చిన్న ఉల్లంకి పిట్టలు, ముప్పై గ్రాములైనా తూగనివి, ఆర్కిటిక్ టండ్రాలో పుట్టి ఈ ఉప్పునీటి అంచుల్లో పురుగులు ఏరుకుంటాయి. బంగారు చుక్కల వీపున్న ప్లోవర్లూ అక్కడివే. కొత్తవాళ్లు కెమెరా తిప్పేది ఎర్రటి పొడుగు కాళ్ల స్టిల్ట్‌ల వైపే. వాటికంటే ఈ చిన్నవాటి దగ్గర ఒక గంట కూర్చోండి. గాలి లేని పొద్దున మడి నీళ్లలో వాటి నీడ చెక్కుచెదరకుండా పడుతుంది. ఈ యాత్ర మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైన ఫొటో అదే.

మడిలోకి మాత్రం కాలు పెట్టొద్దు. కొన్నిట్లో పైన ఉప్పు పెచ్చు గట్టిగా కనిపిస్తుంది, కింద మోకాలి లోతు బురద ఉండొచ్చు. పైగా ఉప్పు పండే మడి అడుగుని పనివాళ్లు రోజుల తరబడి తొక్కి తొక్కి గట్టిచేస్తారు. మన బూటు గుంట పడితే వాళ్ల కష్టం పోతుంది. గట్టు మీద నడవాలన్నా అడిగి నడవండి. గదికి వచ్చాక కెమెరాని పొడిగుడ్డతో తుడవకూడదు, ఉప్పు పలుకులు అద్దాన్ని గీస్తాయి. మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ముందు అద్ది, తర్వాత పొడిగుడ్డ. ట్రైపాడ్ కాళ్లు విప్పి మంచినీళ్లతో కడగాలి.

ప్రకృతి దృశ్యాలకి కళింగపట్నం, తాటిపూడి రెండిట్లో ఒకటే కుదిరితే తాటిపూడికే ఓటు. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోటు, లైట్‌హౌస్, సముద్రం మీంచి వచ్చే సూర్యుడు బావుంటాయి, శ్రీకాకుళం నుంచి సులువు, కానీ కార్తీకమాసంలో పిక్నిక్ జనం. తాటిపూడి విజయనగరం నుంచి గంటలోపు. గోస్తనీ నది మీది జలాశయం. కొండలు పడమట ఉండటంతో తొలి ఎండ నేరుగా వాటి మీద పడుతుంది, నీటి మీద మంచు ఇంకా లేవకుండానే ఉంటుంది. గాలి కదిలిందంటే అదంతా ఇరవై నిమిషాల్లో చెదిరిపోతుంది. మంచుని చూసి కెమెరా మీటరు బూడిదరంగు చేసేస్తుంది కాబట్టి ముప్పావు స్టాప్ పెంచాలి. బోటు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు, దాన్ని నమ్ముకుని వెళ్లొద్దు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చేవాళ్లు పలాసలో పడక పెట్టుకుని బారువ తీరం కూడా కలుపుకోవచ్చు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఒడ్డుకొచ్చి గుంట తవ్వి నూటికి అటూ ఇటూగా గుడ్లు పెడతాయి. ఫ్లాష్ వద్దు, ఫోను లైటూ వద్దు. నీళ్లలోంచి వస్తున్న తాబేలు వెలుగు చూస్తే గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్లుతుంది. రాత్రి ఫొటో ఆశ వదులుకుని, గుడ్లు కాపాడే కేంద్రాల నుంచి తెల్లవారి పిల్లల్ని సముద్రంలోకి వదిలే రోజు ఎప్పుడో కనుక్కుని వెళ్లండి. పొద్దుటి వెలుగులో, తడి ఇసుక మీద బోర్లా పడుకుని, 100 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీయొచ్చు.

ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచిని మాత్రం చలికాలం జాబితాలోంచి తీసేయండి. అక్కడికి వచ్చే ఓపెన్‌బిల్ కొంగలు వానలతో వచ్చి నవంబరు, డిసెంబరుకల్లా వెళ్లిపోతాయి. జనవరిలో వెళ్తే ఖాళీ గూళ్లే ఉంటాయి. వాటి కోసమైతే ఆగస్టులో, కెమెరాకి వానతొడుగు వేసుకుని వెళ్లాలి.