పాత పిల్లర్లకు కార్బన్ ఫైబరా, కాంక్రీటు తొడుగా: ఏది మేలు?

హనుమకొండ, కాజీపేటలలో ముప్పై నలభై ఏళ్ల కిందటి ఇళ్లపై ఇంకో అంతస్తు వేయాలనుకునేవారికి ఇప్పుడు రెండు సలహాలు వినిపిస్తున్నాయి: పిల్లర్ల చుట్టూ కార్బన్ ఫైబర్ గుడ్డను ఎపాక్సీ అనే గట్టి జిగురుతో అంటించడం, లేదా కొత్త సలాకలు కట్టి కాంక్రీటు తొడుగు పోయడం.

బలం ఒక్కటే చూస్తే కార్బన్ ఫైబర్‌దే పైచేయి. సుమారు 7 మైక్రాన్ల మందముండే ఈ పోగు బరువులో ఉక్కుకు నాలుగో వంతు కూడా తూగదు. అయినా చదరపు మిల్లీమీటరుకు 3,500 న్యూటన్ల లాగుడును తట్టుకుంటుంది. ఎఫ్‌ఈ 500 రకం ఉక్కు సలాక 500 న్యూటన్ల దగ్గరే సాగడం మొదలుపెడుతుంది. అయితే ఆ సాగడం మనకు మేలే: ఉక్కు ముందుగా కాంక్రీటులో పగుళ్లు చూపి హెచ్చరిస్తుంది, కార్బన్ ఫైబర్ ఒక్కసారిగా తెగుతుంది.

అసలు చిక్కు పిల్లరు ఆకారంలో ఉంది. బరువు పడినప్పుడు కాంక్రీటు పక్కలకు ఉబ్బకుండా బిగించి పట్టడమే ఈ గుడ్డ పని. గుండ్రటి పిల్లరులో ఆ పట్టు చుట్టూ సమానంగా అందుతుంది. మన ఇళ్లలోని 9 బై 12 అంగుళాల పిల్లరులో మాత్రం మూలల దగ్గరే బిగిసి, చదునైన ముఖాల నడుమ సడలిపోతుంది. మూలలను గుండ్రంగా చెక్కకపోతే అక్కడే గుడ్డ చిరుగుతుంది కూడా. పైగా మామూలు ఎపాక్సీ 60 నుంచి 80 డిగ్రీల వేడికే మెత్తబడుతుంది కనుక అగ్నిప్రమాదంలో ఆ పట్టును నమ్ముకోలేము.

మా వీధిలో ఒక పిల్లరును సుత్తితో తడితే డొల్ల శబ్దం వచ్చింది. పెచ్చు తీసి చూస్తే సలాక నుంచి జంగు పొరలుపొరలుగా రాలింది. అలాంటి దానిపై గుడ్డ చుట్టడం పుండును కప్పడమే అవుతుంది.

కాంక్రీటు తొడుగుకు ప్రతి వైపూ సుమారు 4 అంగుళాలు పోతాయి, అంటే ఆ పిల్లరు 17 బై 20 అవుతుంది. పాత ముఖాన్ని గరుకుగా చెక్కాలి, సలాకలను పునాదిలోకి దించాలి, ఎండాకాలంలో తడి ఆరకుండా చూడాలి. ఇంత శ్రమ ఉన్నా, జంగు పట్టిన ఇలాంటి మూలల పిల్లరుకు నా ఓటు దీనికే. సలాకలు బాగుండి, షట్టరు వెడల్పులో అంగుళం కూడా వదులుకోలేని దుకాణమైతే కార్బన్ ఫైబర్ సరైనది.

ఏది ఎంచుకున్నా ముందు ఒక పునాది పక్కన తవ్వించి దాని కొలత ఇంజినీరుకు చూపించాలి. పై అంతస్తు బరువు చివరికి దిగేది అక్కడికే, దాన్ని ఈ రెండూ బలపరచవు.